నలభై రేకుల పువ్వు

పిల్లలందరూ కలిసి ఒక పెద్ద కాగితపు పువ్వు చేశారనుకోండి. ఒక్కొక్కరు ఒక్కొక్క రేకు చేశారు. అందులో ఒక రేకు వంకరగా వచ్చింది, జిగురు మరకలైంది. రేపు పాఠశాల వార్షికోత్సవం. తల్లిదండ్రులు చూడ వస్తారు. ఈ సాయంత్రం ఆ రేకును ఊడదీసి, ఉపాధ్యాయురాలే చక్కని రేకు ఒకటి చేసి ఆ చోట అంటించవచ్చునా? అంటించిన తరువాత క్రింద “మూడవ తరగతి పిల్లలు చేసినది” అని వ్రాయవచ్చునా?

ప్రియ పాఠకులారా, ఇంత చిన్న సంగతికి మన పత్రికలో ఇంత చోటు ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. అయితే ముప్పై ఏళ్ళకు పైగా బడిపిల్లల మధ్య గడిపినవాడిగా నాకు తోచేది వేరు. పదిమంది చేసిన పనిలో ఒకరి వంతు ఏది? చూడముచ్చటగా ఉండడం కోసం నిజాన్ని ఎంతవరకు సర్దవచ్చు? చేతకానివాని పేరు పట్టికలో ఉంచుకొని అతని చేతిని మాత్రం ప్రక్కకు నెట్టవచ్చునా? పెద్దలమైన మనం కమిటీలలోను, కుటుంబాలలోను, ఆఫీసులలోను తలలు పట్టుకునే ఈ ప్రశ్నలు మొట్టమొదట ఎదురయ్యేది ఆ రేకు దగ్గరే. పిల్లలు జవాబు కూడా అక్కడే నేర్చుకుంటారు. మనం నేర్పామని మనకు తెలియకపోయినా వారు నేర్చుకుంటారు.

ఈ పని ఎలా జరుగుతుందో చూడనివారి నిమిత్తం నాలుగు మాటలు చెప్పాలి. తరగతిలో నలభైమంది ఉన్నారనుకుందాం. నాలుగు డ్రాయింగు షీట్లు కలిపి అంటించి, నడుమ ఒక పెద్ద గుండ్రం గీస్తారు. పిల్లలకు జానెడు పొడవున్న కాగితపు ముక్క ఒక్కొక్కటి ఇస్తారు. దానిని రేకు ఆకారంలో కత్తిరించి తమకు తోచిన విధంగా అలంకరించాలి. నీటిరంగులు వేసేవారు కొందరు. గ్లేజు కాగితం చించి ముక్కలు అంటించేవారు కొందరు. పాత పెండ్లి శుభలేఖలు కత్తిరించి తెచ్చేవారు, బొటనవ్రేలు రంగులో అద్ది ముద్రలు వేసేవారు, పెన్సిలు చెక్కిన పొట్టును చుట్టలు చుట్టలుగా అతికించేవారు ఇంకొందరు. బెండకాయను అడ్డంగా కోసి రంగులో ముంచి అద్దితే అయిదు కోణాల చిన్న పువ్వు అచ్చుపడుతుంది. సంతలో ఎవరూ కొనక మిగిలిపోయిన ముదురు కాయలే ఇందుకు మేలు. లేతవాటి జిగట రంగును పట్టనివ్వదు. జిగురు కొనవలసిన పని లేదు, మైదాపిండి పలుచగా ఉడికిస్తే చాలు. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలపమని పుస్తకాలు కుట్టేవారు చెబుతారు గాని, అది విషం. పిల్లల చేతికి అందనివ్వకూడదు. పురుగు పడితే పడనివ్వండి.

రేకులన్నీ సిద్ధమైన తరువాత పిల్లలు ఒక్కొక్కరే వచ్చి గుండ్రం చుట్టూ మూడు వరుసలుగా అంటిస్తారు. ఇంతే పని. అయితే ఈ మధ్యలో జరిగేది చూడాలి. నలభైమందికి కత్తెరలు ఆరో ఏడో ఉంటాయి. ఎరుపు రంగు ముందే అయిపోతుంది. ఒకడు ప్రక్కవాని రేకుమీద మోచేయి పెడతాడు. ఒకతె తన పని ముగించి, నెమ్మదిగా చేసే స్నేహితురాలి కాగితం లాక్కుంటుంది. అరుపులు, అలకలు, ఒప్పందాలు. గది చూస్తే సంతలా ఉంటుంది. నన్నడిగితే గోడమీదికి ఎక్కే పువ్వుకంటె ఆ సంతే ముఖ్యం. కాని వార్షికోత్సవానికి వచ్చేవారు గోడను చూస్తారు గాని సంతను చూడరు. చిక్కంతా అక్కడే ఉన్నది.

కొన్నేళ్ళ క్రిందట బెంగళూరు శివార్లలోని ఒక పాఠశాల వార్షికోత్సవానికి నన్ను పిలిచారు. పేరు అనవసరం. మనవారి పిల్లలు, కన్నడ తమిళ పిల్లలు, భవనాల పనికి దూరం నుండి వచ్చిన కూలీల పిల్లలు కలిసి చదువుకొనే చోటు అది. మూడవ తరగతి గోడమీద పెద్ద పొద్దుతిరుగుడు పువ్వు పెట్టారు. ఎంతో అందంగా ఉన్నది. నేను దాని ముందు నిలిచి ఉండగా ఒక తాపీమేస్త్రీ కుమారుడు, ఎనిమిదేండ్లవాడు, తల్లి చేయి పట్టుకొని లాక్కొచ్చాడు. బయటి వరుసలో ఎడమనుండి లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. ఆగిపోయాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. ప్రక్కనే ఉన్న ఉపాధ్యాయురాలితో, “మిస్, నాది ఏది?” అన్నాడు.

“అదే నాన్నా, మూడోది.”

“అది నాది కాదు మిస్. నాది పెన్సిలు పొట్టుతో చేశాను.”

“నీదే. కొంచెం బాగుచేశాను, అంతే.”

తల్లికి ఈ మాటలు సరిగా అందలేదు. ఆమె ఆ మూడో రేకును వ్రేలితో తాకి, “ఎంత బాగా చేశావురా!” అన్నది. పిల్లవాడు ఏమీ మాట్లాడలేదు. అవునని అనలేదు, కాదని అనలేదు. వాడి దుఃఖం సరే, పిల్లల దుఃఖం సాయంత్రానికి తీరుతుంది. నన్ను ఎక్కువగా బాధించినది ఆ తల్లి సంతోషం. అది తన కొడుకు చేయని పనిమీద పడింది. కొడుకు నిజంగా చేసినది ఆమె చూడనే లేదు.

ఆ ఉపాధ్యాయురాలు చెడ్డ మనిషి కాదు. ముందు రాత్రి తొమ్మిదింటిదాకా బడిలోనే కూర్చొని ఆరు రేకులు మార్చింది. తరువాత నేను మెల్లగా ఆ సంగతి ఎత్తితే, “మాష్టారూ, మీరే చెప్పండి. ఆ ఆరు రేకులు అలాగే ఉంచితే మిగతా ముప్పై నాలుగుమంది కష్టం పాడైపోదా?” అన్నది. తేలికగా తోసివేయదగిన మాట కాదిది. ఒకడి బలహీనతవలన అందరి పని చిన్నబోకూడదనుకోవడంలో న్యాయం లేకపోలేదు. ఆమెమీద ఉన్న వత్తిడి కూడా మనకు తెలియనిది కాదు. పిల్లల పని పేలవంగా ఉంటే ఫీజులు కట్టే తండ్రులు పిల్లలను అడగరు, పంతులమ్మను అడుగుతారు.

అయినా ఆ మాటను కొంచెం త్రవ్వి చూద్దాం. ముప్పై నాలుగుమంది కష్టం నిజంగా పాడవుతుందా? వారు కత్తిరించినది కత్తిరించినట్టే ఉన్నది, రంగు వేసినది వేసినట్టే ఉన్నది. పాడయ్యేది కష్టం కాదు, దూరం నుండి చూచేవాని కంటికి కలిగే తృప్తి. మరొక సంగతి గమనించండి. ఆరు రేకులు మారకముందు ఆ ముప్పై నాలుగు రేకులు గోడమీద ఉండడం వారి హక్కు. ఈ తరగతిలో నేను ఒకణ్ణి గనుక నా రేకు ఇక్కడ ఉన్నది, అంతే. ఆరు మారిన తరువాత వారి రేకులు గోడమీద ఉన్నది ఎవరో చూచి ఫరవాలేదన్నారు గనుక. తెలివైన పిల్లలు దీనిని వెంటనే పసికడతారు. ఈసారి నాది నిలిచింది, వచ్చేసారి నిలుస్తుందో లేదో! బలహీనులకు మాత్రమే అన్యాయం జరిగిందని మనం అనుకుంటాం గాని, బలవంతుల క్రింద నుండి కూడా ఆ రాత్రే నేల కదిలింది.

ఇక ఆ క్రింది వ్రాత సంగతి. “ముప్పై నాలుగుమంది పిల్లలు, వారి ఉపాధ్యాయురాలు కలిసి చేసినది” అని వ్రాస్తే అందులో అబద్ధమేమీ లేదు. ఎవరికీ నష్టం లేదు. అయినా అలా ఎవరూ వ్రాయరు. ఎందుకు వ్రాయరో ఆలోచించండి. వ్రాసిన మరుక్షణం “తక్కిన ఆరుగురు ఏరి?” అని ఎవరైనా అడుగుతారు. ఆ ప్రశ్నకు భయపడే మనం నలభై అని వ్రాస్తాం. చేసిన పనిని ఉన్నదున్నట్టు చెప్పడానికి వెనుకాడుతున్నామంటే ఆ పనిలో ఎక్కడో తేడా ఉన్నదన్నమాటే.

పాటల బృందాన్ని నడిపే ఒక సోదరుడు నా మాట విని ఇలా అభ్యంతరం చెప్పారు. “బృందంలో శ్రుతి కలవని పిల్లవాణ్ణి కొంచెం మెల్లగా పాడమంటాం గదా. అదీ తప్పేనా?” తప్పు కాదు. పాట వినేవారిది కూడా. శ్రుతి తప్పితే అందరి పాటా కుంటుపడుతుంది. కాని తేడా చూడండి. మెల్లగా పాడమన్నప్పుడు ఆ మాట వాని ముఖం ఎదుట చెబుతారు. మెల్లగా పాడినా వాడు తన గొంతుతోనే పాడతాడు. ఎవరూ మరొకరి గొంతును వాని నోట పెట్టరు. అయితే కొన్నిచోట్ల, “నువ్వు పాడవద్దు, నోరు మాత్రం ఆడించు” అని చెప్పడం కూడా నేను విన్నాను. అది ఆ రేకు మార్చడంవంటిదే. బహుశా అంతకన్న హీనం, ఎందుకంటే ఆ అబద్ధాన్ని పిల్లవానిచేతనే ఆడిస్తున్నాం.

పువ్వులు పదిమంది కలిసి పేర్చడం మన దేశంలో కొత్త కాదు. బెంగళూరులో ఉన్నవారు లాల్‌బాగ్ పుష్పప్రదర్శన చూచే ఉంటారు. 1889లో కట్టిన అద్దాలమేడలో, గణతంత్ర దినానికి ఒకసారి, స్వాతంత్ర్య దినానికి ఒకసారి, వేలాది గులాబీలతో గోపురాలు, భవనాలు నిలబెడతారు. చూడడానికి రెండు కళ్ళు చాలవు. అక్కడ ఒక గులాబీ వాడిపోతే తీసివేసి మరొకటి గుచ్చుతారు. అది సబబే. ఆ గులాబీ ఇటుకవంటిది. ఏ గులాబీ ఎక్కడ ఉన్నా గోపురం గోపురమే. ఇటుకకు బాధ లేదు.

కేరళలో ఓణం పండుగకు వేసే పూక్కళం వేరు. అత్తం నాడు చిన్న వలయంగా మొదలుపెట్టి పది రోజులు, తిరువోణం దాకా, రోజురోజుకు పెంచుతూపోతారు. వెనుకటి రోజుల్లో పిల్లలు తెల్లవారకముందే బుట్టలు పట్టుకొని తుమ్మిపూలకోసం పొలంగట్లు తిరిగేవారు. ఇప్పుడు పువ్వులు ఎక్కువగా లారీలలో వస్తున్నాయి. మన కర్ణాటకలోని గుండ్లుపేట బంతితోటలనుండి కూడా పోతున్నాయి. బడులలో ఓణం సెలవులకు ముందు తరగతులవారీగా పోటీలు పెడతారు. తెలంగాణలో ఆడబిడ్డలు తంగేడు, గునుగు, బంతి వలయాలుగా పేర్చే బతుకమ్మను షోలాపూరు, ముంబయి వలస కుటుంబాలు కూడా వెంట తీసుకొనిపోయాయి. అందులోని పూజావిషయం మనది కాదు, నేను దాని జోలికి పోను. పనిచేసే తీరు మట్టుకు చూస్తున్నాను. గునుగుపూలకు రంగులద్దేవారు ఒకరు, కట్టలు కట్టేవారు ఒకరు, పేర్చేవారు ఒకరు. చిన్నపిల్ల చేయి అక్కడ అడ్డం కాదు. ఆ పిల్ల పేర్చిన చోట కొంచెం వంగితే తల్లి పిల్ల ఎదుటనే, పిల్ల చేయి పట్టుకొని సరిచేస్తుంది. రాత్రి అందరూ పడుకున్నాక చాటుగా సరిచేయదు.

బడిలో చేసే పువ్వును మనం లాల్‌బాగ్ గోపురంగా చూస్తున్నామా, ఇంటి ముంగిట పేర్చే పువ్వుగా చూస్తున్నామా? పేచీ అంతా దీనిమీదే ఉన్నది. పిల్లవాడు గులాబీ కాదు.

ఇక్కడ పొద్దుతిరుగుడు పువ్వును గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి ఒక్క పువ్వు కాదు. చామంతి, బంతి కూడా అంతే. నడుమ కనబడే ముదురు రంగు గుండ్రంలో వందలకొద్దీ బుల్లి పువ్వులు కిక్కిరిసి ఉంటాయి. చుట్టూ పసుపు రేకులనుకునేవి కూడా ఒక్కొక్కటి ఒక్కొక్క పువ్వే. పొద్దుతిరుగుడులో ఆ పసుపు పువ్వులకు గింజ కట్టదు. దూరం నుండి తేనెటీగను పిలవడమే వాటి పని. గింజ కట్టేవి, నూనె ఇచ్చేవి నడిమి బుల్లి పువ్వులు. వాటిని మనం పువ్వులని కూడా అనం. భూతద్దం చేతికిచ్చి ఈ సంగతి పిల్లలకు చూపించిన తరువాత కాగితపు పువ్వు చేయించే ఉపాధ్యాయురాలిని నేను ఒకరిని ఎరుగుదును. ఉపమానాన్ని ఎక్కువగా లాగితే తెగిపోతుంది, లాగను. శరీరము, అవయవములు అనే పౌలు ఉపమానం మీద మన సంఘాలలో ప్రసంగం విననివారు లేరు గనుక దానినీ మళ్ళీ ఎత్తను.

ట్రైనింగు రోజుల్లో ఫ్రోబెల్ పేరు మేమంతా పరీక్షకోసం బట్టీపట్టినవాళ్ళమే. 1840లో జర్మనీలోని బ్లాంకెన్‌బుర్గ్‌లో తన బడికి కిండర్‌గార్టెన్, అంటే పిల్లల తోట, అని పేరు పెట్టినవాడు. ఆ పేరు కవిత్వం కోసం పెట్టినది కాదు. ఆయన ఊహించిన బడిలో నిజమైన తోట ఉండాలి. ఆ తోట ఏర్పాటు నాకు చాలా తరువాత తెలిసింది. తెలిసినప్పటినుండి మనస్సును విడువలేదు. నడుమ పిల్లలకు ఎవరి మడి వారికి, చిన్న చిన్న మడులు. వాటిని చుట్టుకొని అందరికీ కలిపి ఉమ్మడి మడులు, పువ్వులకు కొన్ని, కూరగాయలకు కొన్ని. తన మడిలో పిల్లవాడు తన ఇష్టం వచ్చినది నాటవచ్చు, తన అజాగ్రత్తవలన ఎండబెట్టుకోనూవచ్చు. ఎండితే ఎండినట్టే కనబడుతుంది. ఉమ్మడి మడిలో మట్టుకు అందరి ఒప్పందం ప్రకారం నడవాలి. ఉమ్మడిది సొంతదానిని కాపాడుతూ చుట్టూ ఉంటుంది గాని దానిని మింగివేయదు. ఈ బడులు పిల్లల మనస్సులు పాడుచేస్తాయని 1851లో ప్రష్యా ప్రభుత్వం వాటిని నిషేధించింది. నిషేధం ఎత్తివేసేది 1860లో. ఫ్రోబెల్ 1852లోనే కన్నుమూశాడు.

ఆ ఏర్పాటును మన కాగితపు పువ్వుకు అన్వయిస్తే దారి కొంత తెరచుకుంటుంది. రేకు సొంత మడి. పువ్వు ఉమ్మడి మడి. రెండింటికీ న్యాయం వేరు.

రేకు దగ్గర సహాయం చేయకూడదా? చేయాలి. ఎడమచేతి వాటం పిల్లలను చూడండి. మామూలు కత్తెర వారి చేతిలో తెగదు, కాగితాన్ని నలిపేస్తుంది. అది పిల్లవాని అసమర్థత కాదు, కత్తెర చేసిన తీరు. వానికి కాగితం కత్తిరించి ఇవ్వడం సహాయమే. అయితే ఎలా కత్తిరించాలో వాడు గీసి చూపాలి, మనం ఆ గీతవెంట పోవాలి. వాడు వెడల్పుగా గీస్తే వెడల్పుగా, కొసన మొనగా గీస్తే మొనగా. నా చేయి వాని ఆలోచనకు పనిచేస్తున్నంతసేపు అది సహాయం. నా ఆలోచనకు వాని పేరు తగిలిస్తే అది సహాయం కాదు. ఆ రాత్రి ఆరు రేకులు చేసిన చేతులు ఎంత అలసిపోయినా ఆ ఆరుగురు పిల్లలకు సహాయం చేయలేదు. గోడకు చేశాయి.

“అయితే పిల్లలు ఏమి చేసినా ఆహా ఓహో అనాలా?” అని మీరు అడగవచ్చు. ఈ మధ్య ఆ జబ్బు కూడా వచ్చింది. ఏ గీత గీసినా చప్పట్లు, ఏ మరక చేసినా నక్షత్రం. పిల్లలు మనకంటె తెలివైనవారు. అందరికీ ఇచ్చే నక్షత్రానికి విలువ లేదని వారంలో కనిపెడతారు. జిగురు ఎక్కువై రేకు జారిపోతుంటే, “ఇది నిలవదురా, మళ్ళీ చెయ్యి” అని చెప్పాలి. పొట్టు దట్టంగా పెడితే బరువుకు కాగితం వంగుతుందని చూపాలి. రెండోసారి, మూడోసారి చేయించాలి. ఆ తాపీమేస్త్రీ కొడుకును ఆనాడు ఎవరైనా పిలిచి మళ్ళీ చేయమంటే చేసేవాడు. వాని తండ్రి వంకర గోడను పడగొట్టి మళ్ళీ కట్టడం వాడు చూడనిది కాదు. దిద్దవద్దని నేను అనడం లేదు. ఆ బిడ్డ ఎదుట, ఆ బిడ్డ చేతితో దిద్దించమంటున్నాను. చాటుగా దిద్దితే తాను తప్పానని కూడా పిల్లవానికి తెలియదు. తాను లేకపోయినా పని జరుగుతుందని మాత్రం తెలుస్తుంది.

సమయం లేదని అంటారా? అయితే ఇరవై రేకుల పువ్వు చేయించండి, జతకు ఒక రేకు. లేదా వారం ముందు మొదలుపెట్టండి.

ఉమ్మడి మడి న్యాయం ఇంతకంటె కష్టం. ఒక తరగతిలో పిల్లలు రేకులన్నీ పసుపు, నారింజ రంగులలోనే ఉండాలని తీర్మానించుకున్నారు. ఒక అమ్మాయి నీలం రేకు చేసి తెచ్చింది. బాగా చేసింది కూడా. ఇప్పుడు ఏమి చేయాలి? వ్యక్తి స్వేచ్ఛ అంటూ నీలాన్ని అంటించివేయమనేవారు ఉన్నారు. నేను అంత తొందరగా అనలేను. ముప్పై తొమ్మిదిమంది తమ ఇష్టాన్ని కొంత వదులుకొని పసుపుకు ఒప్పుకున్నారు. వారిలో ఎరుపు కావాలనుకున్నవాళ్ళు ఉండి ఉంటారు. వారు మాట నిలబెట్టుకుంటే ఈ అమ్మాయి నిలబెట్టుకోనక్కరలేదా? కలిసి చేసే పనిలో మనకు నచ్చిన దానిని కొంత విడిచిపెట్టడం ఉంటుంది. అది నేర్పకపోతే నలభై బొమ్మలు ఒకే గోడకు తగిలించినట్టు అవుతుంది గాని పువ్వు కాదు. అలాగని ఉపాధ్యాయురాలే నీలాన్ని త్రోసివేయడమూ సరికాదు, ఒప్పందం చేసుకున్నది పిల్లలు గనుక. ఆ తరగతి టీచరు ఆ రేకును బల్లమీద పెట్టి, “మీరే మాట్లాడుకోండి” అన్నది. ఎందుకు నీలమని వారు అడిగారు. పసుపు పెట్టె అయిపోయిందని, ఇంట్లో నీలమే ఉన్నదని ఆ అమ్మాయి చెప్పింది. స్వేచ్ఛా లేదు, తిరుగుబాటూ లేదు! ఒకడు తన పసుపు బిళ్ళ ఇచ్చాడు. ఆమె నీలంమీద పసుపు పూస్తే ఆకుపచ్చ వచ్చింది. దానిని రేకుగా ఉంచాలా ఆకుగా వాడాలా అని ఇంకొక అరగంట వాదించుకున్నారు. చివరికి రేకుగానే పెట్టారు. నేనైతే ఆకు అనేవాణ్ణి, కాని నన్ను ఎవరూ అడగలేదు.

బహుమతుల గురించి ఎక్కువ చెప్పను. కలిసి చేసినదానికి “ఉత్తమ రేకు” అని ఒకరిని ఎంచి కప్పు ఇవ్వడం కొన్ని బడులలో చూచాను. పువ్వును చేయించి మళ్ళీ వారే దానిని త్రుంచినట్టు ఉంటుంది.

ఒక ప్రశ్న మిగిలింది. దీనికి నా దగ్గర జవాబు పూర్తిగా లేదు. వలస వచ్చిన మనవంటివారి పిల్లల బడులలో ఇది తరచు వస్తుంది. భవనం పూర్తికాగానే కూలీలు మరొక ఊరికి పోతారు. సంవత్సరం నడుమ పిల్ల మాయమవుతుంది. ఒక నాలుగవ తరగతిలో కాగితపు ముక్కలు పంచిన మరునాటినుండి ఒక అమ్మాయి రాలేదు. తల్లిదండ్రులతో వెళ్ళిపోయింది. లోపలి వరుసలో ఆమె చోటు ఖాళీగా మిగిలింది. ఒకరిద్దరు తామే ఇంకొక రేకు చేస్తామన్నారు. ఒకడు రేకులను కొంచెం జరిపి సర్దితే సందు కనబడదన్నాడు. సర్దితే నిజంగానే కనబడదు, నేను చూచాను. మరొక పిల్ల, “ఆమె మళ్ళీ వస్తే?” అన్నది. రాదని పెద్దవాళ్ళకు తెలుసు. చేయనిదానికి చోటు ఉంచడం నిజాయితీయేనా? చేసినట్టు చెప్పుకోవడం లేదు గదా, లేదని చెబుతున్నాం, అంతే. అయితే ఉన్న పిల్లల పనికి అది లోటుగా కనబడదా? ఈ రెండు మాటల మధ్య నేను ఇప్పటికీ అటూ ఇటూ పోతూనే ఉన్నాను. తరగతివారు మట్టుకు ఖాళీగానే ఉంచారు.

ప్రదర్శన నాడు ముఖ్య అతిథి వచ్చి, “ఇక్కడ ఒకటి ఊడిపోయినట్టుందే, జిగురు తెండి” అన్నారు. “ఊడిపోలేదు సార్, ఆ అమ్మాయి ఇంకా చేయలేదు,” అని ముందు వరుసలోని పిల్లవాడు జవాబిచ్చాడు. అతిథి అర్థం కాక నవ్వి ముందుకు సాగారు. ఆ అమ్మాయి వదలిపోయిన కాగితపు ముక్క టీచరు దగ్గర హాజరుపట్టీలో మడత పడకుండా ఉన్నది.